చెన్నైలో సర్ఫ్ బ్యాండ్‌కి రెండు ఎలక్ట్రిక్ గిటార్లు: కర్ర, నెక్ కోణం, వైరింగ్, ట్రెమోలో

కెరటం (తిరువాన్మియూర్)

అందరికీ నమస్కారం. మాది నలుగురి బ్యాండ్: లీడ్, రిథమ్, బేస్, డ్రమ్స్. గాత్రం ఉండదు, అంతా వాద్యమే. 1960ల మొదట్లో దక్షిణ కాలిఫోర్నియాలో పుట్టిన సర్ఫ్ పద్ధతి. రెండు గిటార్లు కట్టించుకుంటున్నాం. లీడ్‌కి ఫెండర్ జాజ్‌మాస్టర్ తరహా, స్కేలు (నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ మోగే పొడవు) 648 మి.మీ. రిథమ్‌కి జాగ్వార్ తరహా, 610 మి.మీ. నెక్‌లు, బ్రిడ్జిలు, ట్రెమోలోలు (కడ్డీ నొక్కి శృతిని ఊపే భాగం), ట్యూనర్లు రెడీమేడ్‌వే తెప్పిస్తున్నాం. బాడీలు మాత్రం ఇక్కడే, తెలిసిన వడ్రంగి దగ్గర హ్యాండ్ రౌటర్‌తో. టెంప్లేట్లు లేజర్ కటింగ్ అయిపోయాయి. కర్ర ఇంకా కొనలేదు.

బాడీకి టేకు వాడొచ్చా? తీగలు ఏ మందం వెయ్యాలి? గట్టిగా మీటితే బ్రిడ్జి మీద తీగ గాడి తప్పుతుందంటారు, కట్టేటప్పుడే దానికి ఏం చెయ్యాలి? పాట్లు (వాల్యూమ్, టోన్ తిప్పే భాగాలు), కెపాసిటర్లు రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికేవి సరిపోతాయా?

చిత్రిక (అంబత్తూర్)

మీ ప్రశ్నల వరుస మార్చండి. ముందు తీగలు, తర్వాత నెక్ కోణం, ఆ తర్వాతే కర్ర. సర్ఫ్ గిటార్ బాగా మోగకపోతే నూటికి తొంభై సార్లు తప్పు కర్రలో ఉండదు, బ్రిడ్జి మీద తీగ ఒత్తిడి చాలకపోవడంలో ఉంటుంది.

1958లో ఫెండర్ జాజ్‌మాస్టర్‌ను తెచ్చినప్పుడు గిటార్లకు వేసే తీగలు ఇప్పటి 9-42, 10-46 సెట్ల (మొదటి, ఆఖరు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) కంటే బాగా లావు. జి తీగ కూడా చుట్టిన తీగే. ఆ బ్రిడ్జిని, తేలే ట్రెమోలోను ఆ బిగువుకు తగ్గట్టు గీశారు. సన్న తీగలు వేసి, సాడిల్ (బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే ముక్క) కటకటలాడుతోందని బ్రిడ్జిని తిట్టడం అన్యాయం.

స్కేలు లెక్క చూడండి. ఒకే తీగ, ఒకే శృతి అయితే బిగువు పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది. 648 నుంచి 610కి దిగితే దాదాపు 11 శాతం తగ్గుతుంది. 11 నంబరు మొదటి తీగ 648 మీద సుమారు 8.9 కిలోల బిగువు ఇస్తే, 610 మీద 7.9 దగ్గర ఆగుతుంది. అదే 610 మీద 12 నంబరు వేస్తే 9.4. అందుకని లీడ్‌కి 11-50, రిథమ్‌కి 12-52, రెండింట్లోనూ జి చుట్టిన తీగ. రిథమ్‌కి ఫ్లాట్‌వూండ్ (పైచుట్టు నున్నగా ఉండే తీగలు) తప్పకుండా వెయ్యండి. లీడ్ వాయించేవాళ్లకు చురుకుదనం కావాలంటే నికెల్ రౌండ్‌వూండ్ వేసుకోవచ్చు, కానీ అరచేతితో అదిమి మీటే టకటక శబ్దం ఫ్లాట్‌వూండ్‌లో వచ్చినంత ముద్దగా వేరే వాటిలో రాదు.

ఇక నెక్ కోణం. నెక్ పాకెట్ (బాడీలో నెక్ కూర్చునే గుంత) అడుగు బాడీ పైభాగానికి సమాంతరంగా కొడితే బ్రిడ్జి చాలా కిందికి కూర్చుంటుంది. అప్పుడు బ్రిడ్జి దాటాక ట్రెమోలో వైపు తీగ దాదాపు బల్లపరుపుగా పోతుంది, సాడిల్ మీద కిందికి నొక్కే బలం ఉండదు. తీగ గాడి తప్పడం, సాడిల్ స్క్రూలు జరగడం, ఇ తీగ గరగరలాడటం, అన్నింటికీ మూలం ఇదే. నెక్‌ను వెనక్కి వాలిస్తే బ్రిడ్జిని పైకెత్తాల్సి వస్తుంది, కోణం పెరుగుతుంది.

ఎంత వాల్చాలి? పాకెట్ ముందు అంచు 16వ ఫ్రెట్ కింద వస్తుంది. అక్కడి నుంచి బ్రిడ్జికి 257 మి.మీ. పాకెట్ పొడవు 76. పాకెట్‌లో బ్రిడ్జి వైపు కొసను అర మిల్లీమీటరు లేపితే బ్రిడ్జి దగ్గర తీగల తలం సుమారు 1.7 మి.మీ. లేస్తుంది. ఒక మిల్లీమీటరు లేపితే 3.4. నా సలహా ఒక మిల్లీమీటరు, అంటే ముప్పావు డిగ్రీ పైచిలుకు.

పాత గిటార్‌కైతే సన్నటి చెక్క షిమ్ పెడతాం. మీరు కొత్తగా కొడుతున్నారు కాబట్టి కోణాన్ని పాకెట్‌లోనే కొట్టించండి. 300 మి.మీ. పొడవున్న టెంప్లేటు అయితే బ్రిడ్జి వైపు కొస కింద 4 మి.మీ. చెక్క పెట్టి బిగించండి. రౌటర్ దాని మీద నడిస్తే పాకెట్ హెడ్‌స్టాక్ వైపు 16 మి.మీ., బ్రిడ్జి వైపు 15 మి.మీ. లోతు వస్తుంది. తిరగేసి పెట్టారంటే నెక్ ముందుకు వాలి బాడీ పాడవుతుంది. రౌటర్ ఆన్ చేసే ముందు టెంప్లేటు మీద పెన్సిల్‌తో "బ్రిడ్జి ఇటు" అని రాసుకోండి.

పనసమాను (పెరంబూర్)

కర్ర సంగతి నేను చెప్తాను. చిత్రిక అన్న చెప్పినట్టు వరుసలో అది తర్వాతే, కానీ బరువు, చెమ్మ ఈ రెండూ పట్టించుకోకపోతే మిగతాదంతా వృథా.

రౌటింగులన్నీ పోగా జాజ్‌మాస్టర్ బాడీలో మిగిలేది సుమారు నాలుగున్నర లీటర్ల కర్ర. అమెరికాలో వాడే ఆల్డర్ ఘనమీటరుకు 450 కిలోలు, అంటే బాడీ రెండు కిలోలు. టేకు 650 పైనే, బాడీ మూడు కిలోలకు దగ్గరవుతుంది. నెక్, ఇనుప సామాను కలిపితే భుజం మీద నాలుగున్నర కిలోలు దాటిపోతుంది. వాడకూడదని కాదు, రెండు గంటల కచేరీ నిలబడి వాయించాలి కదా. రోజ్‌వుడ్ బాడీ ఆలోచనే వద్దు. దాన్ని ఫింగర్‌బోర్డుకు వాడుకోండి, బిల్లుతో కొనండి.

మన వైపు దొరికేవాటిలో నా ఓటు తూన్ కర్రకు. రెడ్ సీడర్ పేరుతో కూడా అమ్ముతారు. బరువు ఆల్డర్‌కు దగ్గర, రౌటర్ కింద శుభ్రంగా తెగుతుంది. మెత్తన కాబట్టి గోరు నొక్కుకు కూడా సొట్ట పడుతుంది. స్క్రూ రంధ్రాల్లో పల్చటి సూపర్ గ్లూ ఒక్కో చుక్క వేసి గట్టిపడనివ్వాలి, లేకపోతే ట్రెమోలో ప్లేటు స్క్రూలు లాగుడుకు వదులవుతాయి.

రెండో ఎంపిక కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్. సరిగ్గా ఆరింది దొరికితే మంచిదే, పచ్చిది కొంటే మెలి తిరుగుతుంది. మూడోది పనస. బొబ్బిలి వీణలు చేసేది దానితోనే, మోగే గుణం గురించి మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తాజాగా కోసినప్పుడు పసుపు పచ్చగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. పారదర్శకమైన పూత వేస్తే చాలా అందం. తూన్ కంటే బరువు మాత్రం ఎక్కువ.

అడితిలో "బాగా ఆరింది సార్" అంటారు. తేమ మీటరు పట్టుకెళ్లండి. కొసల్లో పెట్టకండి, కొసలు ముందే ఆరతాయి. పలకను మధ్యలో కోయించి, అప్పుడే తెగిన ముఖం మీద పెట్టండి. 12 శాతం లోపు ఉంటే కొనండి. 16, 18 చూపిస్తే వదిలెయ్యండి, ఎంత చవకైనా సరే. కొన్నాక వెంటనే కొయ్యొద్దు. ఒక్కో బాడీకి 510 × 360 × 50 మి.మీ. ముక్కగా కోయించి, కొసలకు పెయింట్ గానీ మైనం గానీ పూసి, మధ్యలో పుల్లలు పెట్టి గాలి ఆడే గదిలో పేర్చండి. వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచి రాసుకోండి. రెండు వారాలు వరుసగా బరువు మారకపోతే కర్ర మీ గది గాలికి అలవాటు పడినట్టు. అప్పుడు చిత్రిక పట్టి 44.5 మి.మీ.కి దింపండి. వడ్రంగి షాపు సముద్రం పక్కన, మీ ప్రాక్టీస్ రూమ్ ఏసీలో అయితే ఏసీ గదిలోనే ఆరబెట్టండి.

మూడోస్థాయి (బెంగళూరు)

పనసమాను గారూ, ఒక్క మాట. బరువైన కర్రలో మోత ఎక్కువ సేపు నిలుస్తుందంటారు కదా, సర్ఫ్ లీడ్‌కి అది లాభమే కదా? టేకు అంత తేలిగ్గా తోసెయ్యాలా?

చిత్రిక (అంబత్తూర్)

సర్ఫ్‌లో మోత ఎక్కువ సేపు నిలవడం మనకు కావలసింది కాదు. స్వరం టక్‌మని పుట్టి త్వరగా తగ్గాలి, ఆ ఖాళీని రివర్బ్ (ప్రతిధ్వని ఇచ్చే యూనిట్) స్ప్రింగ్ నింపాలి. తేలే బ్రిడ్జి, బ్రిడ్జి వెనుక పొడవాటి తీగ, ఇవన్నీ మోతను తగ్గించేవే, అందుకే ఈ గిటార్ ఈ సంగీతానికి అతికింది. టేకుతో ఇంకో చిక్కు, అందులోని నూనె జిగురునీ రంగునీ పట్టనివ్వదు. తప్పనిసరిగా వాడాలంటే జిగురు పెట్టే ముందు ఆ ముఖాన్ని థిన్నర్‌తో తుడిచి, ఆరగానే అంటించాలి.

టంకంపొగ (చింతాద్రిపేట)

వైరింగ్ నాకు వదిలెయ్యండి.

జాజ్‌మాస్టర్‌లో రెండు దారులు. మామూలు లీడ్ దారిలో 1 మెగ్ వాల్యూమ్, 1 మెగ్ టోన్, 0.033 మైక్రోఫారడ్ కెపాసిటర్. పైన స్లైడ్ స్విచ్‌తో మారే రిథమ్ దారిలో నెక్ వైపు పికప్ (తీగ కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) ఒక్కటే, 1 మెగ్ వాల్యూమ్, 50 కిలోఓం టోన్, 0.02 మైక్రోఫారడ్. రిచీ స్ట్రీట్‌లో 0.02 అడిగితే 0.022 ఇస్తారు, తేడా వినపడదు. ఫిల్మ్ కెపాసిటర్ మీద 333 అని ఉంటే 0.033, 223 అని ఉంటే 0.022. జాగ్వార్‌లో అదనంగా మంద్రాన్ని కోసేసే స్విచ్ ఉంటుంది, దానికి 0.003. 302 దొరక్కపోతే 332 వెయ్యండి. కెపాసిటర్ ఖరీదు వల్ల ధ్వని మారదు, విలువ వల్ల మారుతుంది.

పాట్లే అసలు తలనొప్పి. ఆ వీధిలో దొరికే 1 మెగ్ పాట్లు చాలావరకు 16 మి.మీ. చిన్నవి, మెడ సన్నం. గిటార్ పాట్‌కు 9.5 మి.మీ. రంధ్రం కావాలి, వీటికి 7 చాలు. ముందు పాట్లు కొని, క్యాలిపర్‌తో కొలిచి, తర్వాతే పిక్‌గార్డ్‌కు బెజ్జాలు వెయ్యండి. ఒక్కో పాట్‌ను మల్టీమీటర్‌తో చూసి ఏరుకోండి: 1 మెగ్ అని రాసి ఉన్నది 800 కిలోఓం నుంచి 1.2 మెగ్ దాకా ఏదైనా కావచ్చు. వాల్యూమ్‌కి ఎక్కువ విలువ ఉన్నవి ఉంచుకోండి. "ఎ" అని ఉంటే లాగ్, "బి" అంటే లీనియర్. లీడ్ దారికి "ఎ" తీసుకోండి. రిథమ్ దారికి చక్రంలా తిరిగే పాట్లు ఇక్కడ దొరకవు, బ్రిడ్జితో పాటే తెప్పించండి.

250 కిలోఓం వేస్తే ఏమవుతుందని అడుగుతారు. పికప్ పై స్వరాలను పాట్ తినేస్తుంది, స్ట్రాటోకాస్టర్ గిటార్‌లా మెత్తబడుతుంది. ఆ మెరుపు కోసమే 1 మెగ్. అదే కారణంగా కేబుల్ పొడవు కూడా ఇందులో బయటపడుతుంది. మామూలు కేబుల్ మీటరుకు సుమారు 100 పికోఫారడ్, 6 మీటర్లకు 600. పది మీటర్ల కేబుల్ వేసి గిటార్ మొద్దుగా ఉందనుకోవద్దు.

టంకం: పాట్ వెనుక గ్రౌండ్ అంటించడానికి 25 వాట్ల ఇనుము చాలదు. అది వేడెక్కించేలోపు లోపలి కార్బన్ పట్టీ పాడవుతుంది. 60 వాట్ల ఇనుము, వెడల్పు మొన. పాట్ వెనుక గరుకు కాగితంతో రుద్ది, రెండు మూడు సెకన్లలో పని ముగించాలి.

కెరటం (తిరువాన్మియూర్)

చాలా చాలా థాంక్స్. తూన్ కర్రకు ఖాయం అయ్యాం, పాకెట్ కోణం కూడా రాసుకున్నాను. పికప్‌ల గురించి ఒకటి. ఆన్‌లైన్‌లో జాజ్‌మాస్టర్ పికప్‌లని చవకగా ఉన్నాయి, ఫొటోలో కవర్ మీద స్క్రూ తలలు కనిపిస్తున్నాయి. తీసుకోవచ్చా?

టంకంపొగ (చింతాద్రిపేట)

స్క్రూ తలలు కనిపిస్తే దాదాపు ఖాయంగా అది పి-90 అనే వేరే రకం పికప్, పైన జాజ్‌మాస్టర్ టోపీ పెట్టారు. పి-90లో అయస్కాంతం చుట్ట కింద పట్టీలా ఉంటుంది, స్క్రూలు ఉత్త ఇనుమే. అసలు జాజ్‌మాస్టర్ పికప్‌లో నిలబెట్టిన ఆరు ఆల్నికో కడ్డీలే అయస్కాంతాలు. తీగచుట్ట వెడల్పుగా, పల్చగా పరుచుకుని ఉంటుంది. అందుకే తీగలో ఎక్కువ భాగాన్ని వింటుంది, కానీ పై స్వరాలు మాత్రం పదునుగా ఉంటాయి. పి-90 మధ్య స్థాయిలో అరుస్తుంది, రాక్‌కి బాగుంటుంది, సర్ఫ్‌కి కాదు.

కొనేముందు అడుగు భాగం ఫొటో అడగండి. కింద పట్టీలు ఉంటే వద్దు. చేతికొచ్చాక మల్టీమీటర్ పెడితే 7 నుంచి 8.5 కిలోఓం మధ్య రావాలి. రెండు పికప్‌లలో ఒకదానికి తీగ చుట్టిన దిశ, అయస్కాంతం రెండూ తిరగబడి ఉండాలి, అప్పుడు స్విచ్ మధ్యలో పెడితే హమ్ (కరెంటు గుయ్‌మనే శబ్దం) ఆగిపోతుంది. దిక్సూచిని రెండింటి మీదా పట్టండి. ఒకదానికి ఉత్తరం కొస, ఇంకోదానికి దక్షిణం కొస తిరగాలి.

ఇంకో చిన్న విషయం. ఈ పికప్‌లు కింద పెట్టిన స్పాంజి ఒత్తిడితో పైకి నిలబడతాయి. మన చెమ్మకు మామూలు స్పాంజి పొడిపొడిగా రాలిపోతుంది, పికప్ లోపలికి కూలుతుంది. చెప్పులకు వాడే ఇవిఎ షీటు ముక్కలు కోసి పెట్టండి, గట్టిగా నిలబడుతుంది.

మూడోస్థాయి (బెంగళూరు)

ట్రెమోలో గురించి ఎవరూ రాయలేదు, రాస్తున్నాను.

దీన్ని తేలనివ్వాలి. లాక్ తీసి, గిటార్‌ను శృతి చేసి, మధ్య స్క్రూ తిప్పుతూ చూడండి. బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడి శృతి పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. తిప్పిన ప్రతిసారీ మళ్లీ శృతి చెయ్యాలి. లాక్ బటన్ జరిపినప్పుడు శృతి ఏమాత్రం కదలకుండా, వేలితో నెట్టగానే జారేచోట ఆపండి. తీగల మందం మార్చిన ప్రతిసారీ ఈ పని మొదటి నుంచీ చెయ్యాల్సిందే. ఇది సరిగ్గా ఉంటే కచేరీలో ఒక తీగ తెగినా లాక్ వేసి మిగతా ఐదింటితో పాట ముగించవచ్చు.

బ్రిడ్జి రెండు మొనదేలిన స్క్రూల మీద నిలబడి, గొట్టాల్లో ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ట్రెమోలో కడ్డీ నొక్కినప్పుడు తీగ సాడిల్ మీద జారదు, సాడిల్‌తో సహా బ్రిడ్జి ఊగి తిరిగొస్తుంది. చాలామంది గొట్టాల్లో టేపు చుట్టి బ్రిడ్జిని బిగించేస్తారు. మెల్లగా, తీగకు ఒకటి రెండు మి.మీ. మాత్రమే కదిలే సర్ఫ్ ఊపుకు అది అనవసరం. బిగిస్తే తీగ సాడిల్ మీద రాసుకుంటుంది, శృతి తిరిగి రాదు.

చిత్రిక (అంబత్తూర్)

దీన్ని పూర్తిగా ఒప్పుకోను. లీడ్ గిటార్‌కి ఊగే బ్రిడ్జి సరే. రిథమ్ గిటారిస్టు రోజంతా అరచేయి బ్రిడ్జి మీద పెట్టి అదుముతాడు, చేయి బరువుకే బ్రిడ్జి ముందుకు వాలి శృతి చెడుతుంది. అతను ట్రెమోలో తాకడమూ తక్కువే. రిథమ్‌కి బిగించిన బ్రిడ్జి పెట్టడంలో తప్పు లేదు.

మూడోస్థాయి (బెంగళూరు)

చేయి బరువుకు వాలుతోందంటే మీరు మొదట చెప్పిన నెక్ కోణం చాలలేదనే కదా అన్నా? ఒత్తిడి ఉంటే దానంతటదే నడిమికి వస్తుంది. ముందు ఊగనిచ్చి చూడమనండి, టేపు ఎప్పుడైనా చుట్టుకోవచ్చు.

చిత్రిక (అంబత్తూర్)

సరే, అది న్యాయమే. పన్నెండు నంబరు తీగలు, మిల్లీమీటరు కోణం పెట్టి ముందు ఊగనిచ్చే చూడండి. సాడిల్స్ మాత్రం మార్చాల్సిందే. పాత తరహా సాడిల్ మరకడ్డీలా ఉంటుంది, గాడులు పైపైనే. పిక్ గట్టిగా పడగానే తీగ పక్క గాడిలోకి దూకుతుంది. ఫెండర్ మస్టాంగ్ గిటార్ తరహా సాడిల్‌లో ఒక్కటే లోతైన గాడి, తీగ కదలదు. ఒకటి చూసుకోండి, వాటి వంపు 7.25 అంగుళాల వ్యాసార్థం ఉన్న ఫింగర్‌బోర్డుకు సరిపోయేది. మీ నెక్ 9.5 అయితే మధ్య తీగలు ఎత్తుగా నిలుస్తాయి, జి, డి గాడులను కొద్దిగా కిందికి అరగదీయాలి.

మూడోస్థాయి (బెంగళూరు)

నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే గాడుల పట్టీ) మర్చిపోవద్దు. రెడీమేడ్ నెక్‌ల నట్ 10-46కు కోసి వస్తుంది. అందులో 52 తీగను బలవంతంగా దూర్చితే ఇరుక్కుంటుంది. శృతి చేస్తున్నప్పుడు టిక్‌మని శబ్దం వచ్చి స్వరం ఒక్కసారి పైకి ఎగిరితే తప్పు అక్కడే, ట్యూనర్‌ది కాదు. తీగ మందం కంటే అంగుళంలో రెండు మూడు వెయ్యో వంతులు ఎక్కువ ఉన్న ఆకురాయితో గాడి విప్పండి, అడుగు గుండ్రంగా ఉండాలి, హెడ్‌స్టాక్ వైపు కొద్దిగా వాలాలి. చుట్టిన తీగ సగం మందం గాడిలో, సగం బయట. తర్వాత మెత్తటి పెన్సిల్ పొడి రాయండి.

చుట్టిన జి వేసినప్పుడు దాని సాడిల్ మామూలు జి కంటే ముందుకు, నెక్ వైపుకు వస్తుంది. బి సాడిల్ దానికి వెనుక నిలుస్తుంది. చూడటానికి వింతగా ఉన్నా అదే సరైన చోటు.

రంగులడబ్బా (పుదుపేట)

రంగు ఏమనుకుంటున్నారు? ఆ కాలపు ఫెండర్ రంగులు కార్లకు వేసే డ్యూపాంట్ రంగులే. సర్ఫ్ గ్రీన్, లేక్ ప్లాసిడ్ బ్లూ లాంటివన్నీ కార్ల రంగులు. కాబట్టి పుదుపేటలో కారు రంగులు కలిపే షాపుకు ఒక నమూనా చెక్క పట్టుకెళ్తే సరిపోయే షేడ్ కలిపి ఇస్తారు. నమూనాను ఎండలో చూడండి, ట్యూబ్‌లైటు కింద చూసి ఒప్పుకోవద్దు.

పూతకు రెండు దారులు. ఎన్‌సి (నైట్రోసెల్యులోజ్) లక్కర్ పల్చగా కూర్చుంటుంది, తర్వాత బాగుచెయ్యడం తేలిక. కానీ చెన్నై గాలిలో తెల్లబడుతుంది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి గాలిలోని నీటిని పట్టుకుంటుంది, పాలు కలిపినట్టు మసక కమ్ముతుంది. ఐప్యాడూ ఫోనూ చెప్పే వాతావరణం మీద ఆధారపడకుండా స్ప్రే చేసే గదిలోనే తేమ కొలిచే పరికరం పెట్టండి. 70 శాతం దాటితే గన్ ముట్టుకోవద్దు. తెల్లవారుజామున, రాత్రి అసలు వద్దు. మధ్యాహ్నం మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల్లో ఎన్‌సి పని పెట్టుకోకపోవడమే మంచిది. తప్పనిసరి అయితే నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ కలపండి. ఒకసారి తెల్లబడినా కంగారు పడొద్దు, పొడిగా ఉన్న రోజు రిటార్డర్ ఒక్కటే పల్చగా కొడితే మసక విడిపోతుంది.

రెండోది కార్లకు వాడే 2కె (హార్డెనర్ కలిపే రెండు భాగాల) పాలీయురితేన్. చెమ్మకు తెల్లబడే బాధ తక్కువ, ఒకటి రెండు రోజుల్లో గట్టిపడుతుంది. కానీ దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు. గొట్టం ద్వారా బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు ఉండాలి, గదిలో ఇంకెవరూ ఉండకూడదు. అది లేనివాళ్లు కారు పెయింట్ బూత్‌కు ఇచ్చెయ్యండి.

ఏ దారైనా తూన్ కర్రకు రంధ్రాలు నింపాలి. ఫిల్లర్ అడ్డంగా రుద్ది, ఆరాక 220 కాగితం, తర్వాత సీలర్ రెండు కోట్లు, 320 కాగితం, అప్పుడు రంగు. ఫిల్లర్ వదిలేస్తే మూడు నెలల్లో పూత రంధ్రాల్లోకి కుంగి చర్మం మీద గుంటల్లా కనిపిస్తుంది. నెక్ పాకెట్ లోపలికి మాత్రం రంగు పోనివ్వొద్దు, టేపు వెయ్యండి. రంగు మందం చేరితే నెక్ బిగుసుకుని, విప్పినప్పుడు అంచు పెచ్చుగా లేస్తుంది. ఎన్‌సి అయితే పూత మెరుగుకు ముందు మూడు నాలుగు వారాలు వదిలెయ్యండి.

టంకంపొగ (చింతాద్రిపేట)

షీల్డింగ్, ఎర్తింగ్ గురించి రాసి ఆపుతాను. పాత జాజ్‌మాస్టర్‌లలో పికప్ గుంతల్లో ఇత్తడి తొట్టెలు ఉండేవి. మనం రాగి రేకు అంటిస్తాం. రేకు వెనుక జిగురు కరెంటును మోస్తుందని ప్యాకెట్ మీద రాసినా నమ్మకండి. ప్రతి అతుకు మీదా ఒక చుక్క టంకం వేసి, ఈ కొస నుంచి ఆ కొసకు మల్టీమీటర్ పెడితే ఒక ఓం లోపు చూపించాలి. రేకు రంగు పని పూర్తయ్యాకే. జాక్ దగ్గర రేకు సిగ్నల్ వైరుకు తగలకుండా టేపు వెయ్యండి, గిటార్ ఒక్కసారిగా మూగబోతే ముందు చూడాల్సిన చోటు అదే. ట్రెమోలో గుంత నుంచి కంట్రోల్ గుంతకు గ్రౌండ్ తీగకు 3 మి.మీ. సొరంగం రౌటింగ్ రోజే కొట్టించండి, రంగు వేశాక కొడితే పెచ్చు లేస్తుంది.

తీగలన్నీ గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి. అంటే స్టేజి మీద సాకెట్‌లో ఎర్త్ లేకపోతే ఆంప్ లోపలి లీకేజీ మీ వేళ్లకు వస్తుంది, మైకుకు పెదవి తగిలినప్పుడు తెలుస్తుంది. ఎక్కడ వాయించినా ముందు ఎర్త్ పిన్ పరీక్షించండి. అమెరికా నుంచి 120 వోల్టుల రివర్బ్ యూనిట్ తెచ్చుకుంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ 100 విఎకు తగ్గకుండా ఉండాలి. చవక ట్రాన్స్‌ఫార్మర్లలో అవుట్‌పుట్ సాకెట్‌కు ఎర్త్ కలపరు, అది కూడా మీటరుతో చూసుకోండి. గిటార్, రివర్బ్ యూనిట్, ఆంప్ ఇదే వరుస. 1961లో ఫెండర్ విడి రివర్బ్ యూనిట్ తెచ్చినప్పటి నుంచీ ఆ నీటిచుక్కల శబ్దం ఈ వరుసలోనే వస్తోంది.

కెరటం (తిరువాన్మియూర్)

వడ్రంగికి ఇవ్వబోయే వరుస ఇది, తప్పుంటే చెప్పండి. కర్ర ఆరాక 44.5కు దింపడం. వెలుపలి ఆకారం. నెక్ పాకెట్ కోణంతో. నెక్ పెట్టి మధ్య గీత గీయడం. ఆ గీత మీద నట్ నుంచి 648 మి.మీ. కొలిచి బ్రిడ్జి పోస్టు రంధ్రాలు. తర్వాత ట్రెమోలో, పికప్ గుంతలు, సొరంగం. ఆఖరున వంపులు, ఇసక కాగితం.

చిత్రిక (అంబత్తూర్)

వరుస సరిగ్గా ఉంది, బ్రిడ్జి దగ్గర ఒక్కటి మార్చండి. 648 గీత మీద పోస్టులు రాకూడదు, మొదటి తీగ సాడిల్ కొన రావాలి. బ్రిడ్జిని చేతిలోకి తీసుకుని, మొదటి సాడిల్‌ను దాదాపు చివరిదాకా ముందుకు తిప్పి, ఇంకో రెండు మి.మీ. జరిగే చోటు మిగల్చండి. ఆ సాడిల్ కొనను గీత మీద ఆనించి, బ్రిడ్జి నిటారుగా ఉందో లేదో మూలమట్టంతో చూసి, అప్పుడు పోస్టుల చోటు గుర్తు పెట్టండి. జాగ్వార్‌కి ఇదే పద్ధతి, 610 గీతతో. పోస్టుల మధ్య దూరం ఎక్కడో చదివిన కొలత నమ్మకుండా మీ బ్రిడ్జినే కొలవండి.

రంధ్రాలు వేసే ముందు రెండు ఇ తీగల చోట దారం కట్టి నట్ నుంచి ట్రెమోలో దాకా లాగి చూడండి. ఫింగర్‌బోర్డు అంచుకు రెండు వైపులా దూరం సమానంగా ఉంటేనే డ్రిల్. నెక్ స్క్రూలకు బాడీలో 4.5 మి.మీ. రంధ్రం, స్క్రూ అందులో వదులుగా జారాలి. నెక్‌లో 3.2. బాడీలో కూడా మర పట్టిందంటే నెక్ పాకెట్ అడుగుకు ఆనదు, ఎంత బిగించినా సన్నని సందు మిగులుతుంది.

పనసమాను (పెరంబూర్)

స్క్రూలన్నీ స్టెయిన్‌లెస్ వెయ్యండి, తిరువాన్మియూర్ ఉప్పు గాలికి మామూలువి ఏడాది తిరక్కుండా తుప్పు పడతాయి. బ్రిడ్జి ఎత్తు సర్దే చిన్న అలెన్ స్క్రూలు తుప్పుతో పట్టేస్తే తీయడం నరకం. బిగించే రోజే మరల మీద పల్చగా గ్రీజు రాసి, ప్రతి తీగల మార్పుకూ ఒకసారి తిప్పి వదలండి.

కెరటం (తిరువాన్మియూర్)

రాసుకున్నాను. శనివారం అడితికి వెళ్తున్నాం. ఎవరి దగ్గరైనా పిన్‌తో గుచ్చే తేమ మీటరు అదనంగా ఉంటే ఒక్క పూటకు ఇవ్వగలరా?

పనసమాను (పెరంబూర్)

నా దగ్గర ఉంది, మెసేజ్ పెట్టండి. పిన్లు నార వెంట గుచ్చాలి, అడ్డంగా కాదు. కనీసం మూడు చోట్ల చూసి ఎక్కువ చూపించినదాన్నే లెక్కలోకి తీసుకోండి.